సున్నాకి దిగువన

అతనికి చాలా ఏళ్ళుగా ఒక అనుమానం ఉంది. పొద్దున్నే స్నానం చేసి దీపం ముందు కళ్ళు మూసుకోగానే అది వచ్చి పక్కన కూర్చుంటుంది. లోకంలో ఇంతమంది చేసే పాపాలన్నీ పైవాడు లెక్కపెడుతున్నాడు కదా, ఆయన దగ్గర అంకెలు ఎప్పుడైనా అయిపోతాయా? అయిపోతే మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాడా? అలాగైతే ఘోరాలన్నీ చేసిన ఒక దుర్మార్గుడు ఇంకొక్కటి ఎక్కువ చేసి, ఆ దెబ్బతో పసిపాపంత నిర్మలుడైపోడా?

ఈ మాట అతను ఎవరినీ అడగలేదు. అతని ఉద్యోగంలో ప్రశ్నలడగడం వేరే సెక్షన్ వాళ్ళ పని.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ‘శుభ్రం’ అంటారు. అది కోడ్ నేమ్ కాదు, వెక్కిరింత. బస్సులో కమ్మీ పట్టుకుంటే చేతులు కడుక్కుంటాడు. ఎవరైనా పెన్ను అడిగి తిరిగిస్తే దాన్ని కడుగుతాడు. సర్వీసు మొత్తంలో ముగ్గురు విదేశీ గూఢచారులను స్వయంగా పట్టుకున్నాడు. ముగ్గురికీ సంకెళ్ళు వేసిన వెంటనే కుళాయి ఎక్కడుందని అడిగాడు. ఇంట్లో వాళ్ళకి మాత్రం అతను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు.

ఆ రోజు పొద్దున అతన్ని నేరుగా ఒక శవం దగ్గరికి పంపారు.

చనిపోయినవాడు నగరం మురుగునీటి స్టేషన్‌లో ప్రోగ్రామరు. అందరూ అతన్ని ‘అంకెలాయన’ అనేవారు. స్టేషన్‌లో ట్యాంకుకి దూరంగా ఉన్న ఆఫీసు గదిలో తన డెస్కు మీదే తల వాల్చేసి ఉన్నాడు. పక్కన సగం తాగిన కాఫీ. గుండెపోటు అని డాక్టరు రాయబోతుంటే శుభ్రం వంగి కప్పు వాసన చూశాడు. కాఫీ వాసన కింద ఇంకో వాసన ఉంది. ఖరీదైన అత్తరు. పూలన్నీ కుళ్ళబెట్టి పైన చక్కెర చల్లినట్టుంది.

“డాక్టరుగారూ, ఈ కప్పు ల్యాబుకి పంపండి. నాకు చేతులు కడుక్కునే చోటు చూపించండి,” అన్నాడు.

అంకెలాయన ప్రాణం పోకముందు డిపార్ట్‌మెంట్‌కి ఒక ఫోన్ చేశాడు. రికార్డయింది ఒక్క వాక్యమే: “నా ప్రోగ్రాంలో అంకెల టైపు మార్చేశారు, ఈరోజు ట్యాంకు...”

*

పెద్దాయన గదిలో బ్రీఫింగ్. పెద్దాయన అంటే చీఫ్. ఎదురుగా పిన్ని కూర్చుంది. ఆమె టెక్నికల్ సెక్షన్ హెడ్, వచ్చే ఏడాది రిటైర్మెంట్. డిపార్ట్‌మెంట్ అంతటికీ పిన్నే. మూడో కుర్చీలో ఉన్న మనిషి తల తిప్పగానే శుభ్రం ముక్కు పుటాలు బిగుసుకున్నాయి. అదే వాసన.

ఆమెని ఫైళ్ళలో ‘అత్తరు’ అని రాసుకుంటారు. పొడవాటి మెడ, తెల్లటి సిల్కు చీర, చేతులకి మోచేతుల దాకా తెల్లటి గ్లవ్స్. సముద్రాల అవతల నుంచి వచ్చిన ఒక నీళ్ళ కంపెనీ ముసుగులో పనిచేసే ముఠాలో ఆమె మన గూఢచారి. అలా అని పెద్దాయన నమ్మకం.

“ముఠా ప్లాన్ ఏంటో తెలిసిపోయింది,” అన్నాడు పెద్దాయన. “నగరం నీళ్ళు ఇవాళే పాడు చేస్తారు. జనం వాంతులతో ఆసుపత్రుల ముందు బారులు తీరాక, ఇలాంటి చేతగాని వాళ్ళ దగ్గర నీళ్ళెందుకు, మాకివ్వండి అని కంపెనీ ముందుకొస్తుంది. కాంట్రాక్టు ముప్పై ఏళ్ళకి.”

“ఎక్కడ పాడు చేస్తారు?” అన్నాడు శుభ్రం.

“కొండమీది ట్యాంకులో,” అంది అత్తరు. గొంతు మెత్తగా ఉంది. “మనవాళ్ళందర్నీ అక్కడికి పంపించేశాను.”

“అంకెలాయన ఫోన్ చేసింది మురుగు స్టేషన్ నుంచి కదమ్మా.”

“పాపం, ఆయనకి గుండె జబ్బటగా? ఆఖర్లో మనిషి ఏదేదో మాట్లాడతాడు శుభ్రంగారూ.” నవ్వింది. “అయినా మీలాంటివారు ఆ కంపులోకి ఎలా వెళ్తారు చెప్పండి? మనవల్నెత్తుకునే వయసులో.”

ఆమె వెళ్ళిపోయాక కూడా వాసన కుర్చీలోనే కూర్చుంది. శుభ్రం తన అనుమానం చెప్పాడు. పెద్దాయన కొట్టిపారేశాడు.

“వాసన పట్టుకుని మన మనిషిని అరెస్టు చెయ్యమంటావా? నీ తృప్తి కోసం కావాలంటే స్టేషన్‌కి వెళ్ళిరా. నీతో పంపడానికి ఒక్క మనిషి కూడా లేడు.”

పిన్ని అతన్ని తన ల్యాబ్‌లోకి లాక్కుపోయింది. గోడ మీది స్క్రీన్‌లో అంకెలాయన ప్రోగ్రాం ఉంది.

“చూడు నాయనా. అంకెలు దాచే టైపులు రెండు రకాలు. ఒకటి నేటివ్. మెషీన్‌కి పుట్టుకతో వచ్చింది. దీనికి ముప్పై రెండు గళ్ళే, ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ పడుతుంది. అన్నీ నిండితే మళ్ళీ సున్నాకి వచ్చేస్తుంది. వేగం ఎక్కువ, సిగ్గు తక్కువ.”

అన్నీ నిండితే మళ్ళీ సున్నా. శుభ్రం స్క్రీన్‌కి దగ్గరగా జరిగాడు. ఇన్నేళ్ళ తన అనుమానం ఎవరో పైకి చదివినట్టుంది.

“రెండోది?”

“కావలసినన్ని గళ్ళు అడిగి తెచ్చుకునేది. అంకె ఎంత పెరిగితే అంత పెరుగుతుంది. నిదానంగా నడుస్తుంది గాని లెక్క తప్పదు. అంకెలాయన వాడింది దీన్నే. ఏళ్ళ తరబడి పారే మురుగంతా కూడాలి కదా. ఇప్పుడు అసలు సంగతి విను. రెండూ అన్‌సైన్డే. అంటే మైనస్ గుర్తు ఉండదు. బాకీ అనే మాట వీటికి తెలీదు.” కళ్ళజోడు పైనుంచి చూసింది. “నీలాగే. ట్రైనింగ్ క్యాంపులో నా కొత్త సబ్బు తీసుకుని ఎన్నేళ్ళయింది?”

“ఈసారి తప్పకుండా తెస్తాను పిన్నిగారూ.”

“ప్రతిసారీ ఇదే ఈసారి. సరే, స్టేషన్ ట్యాంకులో ఎంత ఖాళీ ఉందో చూసి మురుగు గేటు తెరవాలి. ఖాళీ అంటే ఏంటి? ట్యాంకు కొలతలోంచి మట్టం తీసెయ్యడం. ట్యాంకు కొలత వంద, మట్టం ఆ గీత దాటి ఒక యూనిట్ పైకొచ్చిందనుకో. వందలోంచి నూటొకటి తియ్యాలి. అంకెలాయన టైపయితే ‘కుదరదు’ అని కూర్చుంటుంది. అది అలా కూర్చుంటే గేటు మూసెయ్యమని ఆయన రాశాడు. నేటివ్ అలా కూర్చోదు. సున్నా నుంచి వెనక్కి ఒక్కడుగు వేసి నేరుగా చిట్టచివరి అంకె మీద వాలుతుంది.”

“అదెంత?”

“నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఐదు. అంత ఖాళీ ఉందనుకుని గేటు బార్లా తెరుస్తుంది.”

“అంటే నిండిపోయిన ట్యాంకులోకి నగరం మురుగంతా...”

“పొర్లి గోడ దాటుతుంది. గోడకి అవతల ఏముందో తెలుసా? నగరానికి మంచినీళ్ళు వెళ్ళే కాలవ. పైకప్పు లేదు. స్పీడు పెంచుతామని పోయిన వారం ఎవరో కన్సల్టెంటు వచ్చి టైపు మార్చి, పాస్‌వర్డ్ కూడా మార్చి వెళ్ళింది. తెల్లటి గ్లవ్స్ వేసుకుందట. పెద్దాయనకి చెప్తే గ్లవ్స్ ఎవరైనా వేసుకుంటారంటాడు.”

శుభ్రం గోడ గడియారం చూశాడు. మధ్యాహ్నం కుళాయి వస్తుంది. పురిటికి వచ్చిన కూతురు ఇంట్లోనే ఉంది. భార్య బిందెలు నింపి, ఆ నీళ్ళే కాచి పసిదానికి పోస్తుంది.

“ప్రోగ్రాం మీరు సరిచెయ్యలేరా?”

“పాస్‌వర్డ్ విరగ్గొట్టడానికి సాయంత్రమవుతుంది. పోనీ కరెంటు తీసేద్దామా అంటే గేటు తెరిచింది తెరిచినట్టే ఆగిపోతుంది.” సొరుగులోంచి ఒక పాత సబ్బు పెట్టె తీసి అతని చేతిలో పెట్టింది. “లోపల చిన్న యంత్రం ఉంది. గేటుని నడిపే కంట్రోలర్ పక్కన పెట్టు. అది వేసే ప్రతి లెక్కా నాకిక్కడ కనిపిస్తుంది. సబ్బు పెట్టె ఎందుకని అడక్కు. ఎలాగూ ఖాళీగా పడుంది.”

*

స్టేషన్ గేటు దగ్గరికి ఒక పంపు మెకానిక్కు వచ్చాడు. నూనె మరకల చొక్కా, మోకాళ్ళ దాకా బూట్లు, నాలుగు రోజుల గెడ్డం. ఆ గెడ్డం అతికించింది. ఆ మరకలు మాత్రం నిజమైనవే. వాటిని తలుచుకుంటే శుభ్రానికి చర్మం ముడుచుకుపోతోంది. లోపల డిపార్ట్‌మెంట్‌కి వార్తలందించే ముసలి మేస్త్రీ ఒకడు ఉన్నాడు. సంకేతపదాలు ఇలా నడిచాయి:

“గాలి ఎటు వీస్తోంది మేస్త్రీ?”

“ముక్కు ఎటుంటే అటే.” మేస్త్రీ పొగాకు బుగ్గ మార్చుకున్నాడు. “కొత్తగదా, మొదట్లో నోటితో గాలి పీల్చకు. రుచి తెలుస్తుంది.”

శుభ్రం అప్పటికే పీల్చేశాడు.

లోపల పొడవాటి షెడ్డు. జల్లెడ కమ్మీలకి చుట్టుకున్న గుడ్డపేలికలు, జిడ్డు ముద్దలు, వెంట్రుకలు, ఎవరిదో పగిలిన దువ్వెన. ఈగలు ఎగరడం కూడా బద్ధకంగా ఎగురుతున్నాయి. మధ్యలో ట్యాంకు. పైన దళసరిగా బూడిదరంగు తెట్టు కట్టి, ఉడుకుతున్నట్టు మెల్లగా కదులుతోంది. ఇదంతా మనుషుల్లోంచి వచ్చిందే కదా అనుకున్నాడు శుభ్రం. ఇలాంటి మనిషిని దేవుడు ఏ ముక్కుతో దగ్గరికి తీసుకుంటాడో!

జేబులో ఫోను మోగింది. భార్య.

“ఏమండీ, కుళాయి వచ్చే వేళయింది. వచ్చేటప్పుడు సబ్బులు తెండి, ఇంట్లో ఒక్కటే ఉంది.”

“ఇవాళ నీళ్ళు పట్టకు.”

“ఎందుకని?”

అతను నోరు తెరిచాడు. ఉద్యోగంలో చేరిన రోజు చేసిన ప్రమాణం అడ్డొచ్చింది. “ఊరికే. పట్టకు.”

“మీరు చెప్పిన మాటకి ఎప్పుడు కారణం చెప్పారు గనక! పసిదానికి నీళ్ళు పొయ్యకుండా ఎలా ఉంచుతాను?” ఫోను పెట్టేసింది.

అంతలోనే షెడ్డు అదిరింది. మురుగు గేటు పైకి లేస్తోంది. లేచింది, ఇంకా లేస్తోంది. సొరంగంలోంచి నల్లటి ధార ఏనుగులా తోసుకుని వచ్చి ట్యాంకులో పడింది.

“మేస్త్రీ, చేత్తో తిప్పే చక్రం ఉంటుందిగా!”

“ఉండేది. పొద్దున్నే ఎవరో రంపంతో కోసి పట్టుకుపోయారు.”

శుభ్రం సబ్బు పెట్టెను కంట్రోలర్ పక్కన ఆనించాడు. చెవిలోని ఇయర్‌పీస్‌లో పిన్ని గొంతు వినిపించింది. “ఖాళీ నాలుగు వందల కోట్లు చూపిస్తోంది! మట్టం ఎలా కొలుస్తారక్కడ?”

“ఒక బంతి ఉంది. పొడుగాటి చువ్వకి కట్టి నీళ్ళమీద వదిలారు.” వంగి చూశాడు. బంతి తెట్టుకి జానెడు పైన గాలిలో వేలాడుతోంది. చువ్వకి సన్నటి నైలాన్ తాడు బిగించి రెయిలింగ్‌కి ముడివేశారు. పొడుగు కర్రతో పైనుంచే కట్టిన ముడి అది. కట్టిన మనిషి చేతికి ఒక్క చుక్క కూడా అంటుకుని ఉండదు.

కత్తితో తాడు తెంపాడు. బంతి కిందపడి తేలింది.

“తగ్గిందా?”

“లేదు,” అంది పిన్ని. “ఇప్పటిదాకా అబద్ధం చెప్పింది, ఇప్పుడు నిజమే చెప్తోంది. మట్టం నిజంగానే గీత దాటేసింది. నాలుగు వందల కోట్లే.”

నిజమే. ట్యాంకు గోడ అంచుకి ఇంకా మూరెడే ఉంది. గోడకి అవతల మంచినీళ్ళు ఎండకి తళతళలాడుతూ నగరంలోకి పోతున్నాయి.

“బంతిని నొక్కి గీత దగ్గరికి తేవాలి,” అంది పిన్ని. “సరిగ్గా సున్నా. పైకి జారితే కోట్లు. మరీ లోతుకి నొక్కితే ఖాళీ ఉందనుకుంటుంది, గేటు కొంచెం తెరిచే ఉంచుతుంది. సున్నా దగ్గర పట్టుకుంటే గేటు మూసుకుంటుంది.”

“మేస్త్రీ, కర్ర ఏదైనా...”

“కర్రతో గుండ్రటి బంతిని నిలబెడతావా? ఈ జిడ్డులోనా?” మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. “చెయ్యే కావాలి. నేను దిగేవాణ్ణే గాని, నా మోకాలు నిచ్చెన మీద నిలబడదు.”

శుభ్రం ట్యాంకులోకి చూశాడు. జీవితంలో మొదటిసారి అతనికి ప్రార్థనలో ఏం అడగాలో తెలియలేదు. ఇనుప నిచ్చెన పట్టుకుని దిగాడు.

మొదటి మెట్టుకి బూట్లు నిండాయి. గోరువెచ్చగా ఉంది. చల్లగా ఉన్నా భరించేవాడేమో. ఆ వెచ్చదనం ఎవరిదో ఒంటి వెచ్చదనంలా ఉంది. నడుము, కడుపు, ఛాతీ. మెత్తటిదేదో మెడకి చుట్టుకుని వదిలింది. అతికించిన గెడ్డం ఊడి పక్కనే తేలింది. చూడకూడదనుకున్నాడు. చూశాడు. కడుపులోది గొంతులోకి వచ్చింది, మింగాడు. రెండు చేతులూ చాపి బంతిని కావలించుకున్నాడు. దానికి పట్టిన జిడ్డు చెంపకి పూసుకుంది.

“నొక్కు,” అంది పిన్ని. “నాలుగు వందల కోట్లు... అంతే... ఇంకా... తొమ్మిది! మరీ నొక్కేశావు. కొద్దిగా వదులు. ఐదు. రెండు. సున్నా! కదలకు నాయనా. ఊపిరి కూడా కాస్త మెల్లగా పీల్చు.”

“పీల్చడానికి ఇక్కడ ఏముంది పిన్నిగారూ,” అన్నాడు పళ్ళు బిగించి.

గేటు మూలిగి కిందికి కదిలింది.

అప్పుడొచ్చింది ఆ వాసన. అన్ని కంపుల్నీ చీల్చుకుని, తియ్యగా.

“వద్దన్నాను కదా శుభ్రంగారూ.” ట్యాంకు పక్కన అరుగు మీద అత్తరు నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకెత్తి పట్టుకుంది. రెండో చేతిలో బుల్లి పిస్తోలు. “బంతి వదిలేసి పైకి రండి. మీకు వేడినీళ్ళు, తెల్లటి తువ్వాలు ఇప్పిస్తాను. ఒట్టు.”

ఆ క్షణంలో వేడినీళ్ళ కోసం అతని ప్రాణం లాగేసింది.

“అంకెలాయనకి కాఫీ కూడా ఇలాగే ఇప్పించావా తల్లీ?”

“ఆయనా మీలాగే మొండివాడు.” పిస్తోలు ఎత్తింది. “ఒక్క గుండు. మీ చేతులు వాటంతటవే వదులుతాయి.”

“సున్నా... సున్నా...” చెవిలో పిన్ని జపం చేస్తున్నట్టుంది.

శుభ్రం చుబుకంతో, ఎడమచేత్తో బంతిని అదిమి, కుడిచేత్తో దొరికినంత తెట్టు గుప్పిట పట్టి విసిరాడు. అది పోయి తెల్లటి సిల్కు మీద, మెడ మీద, పెదవుల మీద పడింది.

అత్తరు అరిచిన అరుపు మనిషిది కాదు. రెండు చేతులతోనూ ముఖం తుడుచుకోబోయింది. పిస్తోలు జారి తెట్టు మీద పడింది. దళసరి తెట్టు కదా, వెంటనే మునగలేదు. అరుగుకి బెత్తెడు దూరంలో తేలుతూ ఉంది.

ఆమె మోకాళ్ళ మీద వంగింది. చెయ్యి చాపింది. తెల్లటి గ్లవ్ కొన తెట్టుకి అంగుళం ఎత్తున ఆగిపోయింది.

“పైకి జారుతోంది! నాలుగు వందల...” పిన్ని కేక.

శుభ్రం రెండో చెయ్యి కూడా వేసి బంతిని లాక్కున్నాడు. బురద చిమ్మి నోట్లో పడింది. ఉప్పగా ఉంది.

“సున్నా!”

ఆమె ఇంకా అలాగే వంగి ఉంది. వేళ్ళు గాలిలోనే ఉన్నాయి. అతను ఆ వేళ్ళనే చూస్తున్నాడు. నగరం మొత్తానికి ఈ నీళ్ళు తాగించడానికి వెనకాడని చెయ్యి, ఇందులో ఒక్క వేలు ముంచలేకపోతోంది. అతనికి ట్యాంకు మీదున్న రోత అంతా అటు తిరిగింది.

పిస్తోలు మెల్లగా ఒరిగి, ఒక బుడగ వదిలి మునిగిపోయింది. గేటు ధన్‌మని నేలకి ఆనింది. తెట్టు గోడ అంచుకి రెండంగుళాల కింద ఊగిసలాడి నిలబడింది. గోడ అవతల నీళ్ళు ఏమీ ఎరగనట్టు పారుతున్నాయి.

“అమ్మా,” అన్నాడు మేస్త్రీ ఆమె వెనక నిలబడి, భుజాన పెద్ద స్పానరుతో. “లోపలికి బయటివాళ్ళు రాకూడదని బోర్డు పెట్టాం కదా.”

శుభ్రం నిచ్చెనెక్కి వచ్చి సంకెళ్ళు తీశాడు. ఆమె వెనక్కి వెనక్కి జరిగింది. “నన్ను ముట్టుకోకండి! ముందు చేతులు కడుక్కోండి!”

“రోజూ నేననే మాటే,” అన్నాడు శుభ్రం. సంకెళ్ళు వేశాడు. ఈసారి కుళాయి ఎక్కడుందని అడగలేదు. పక్కకి వెళ్ళి తనివితీరా వాంతి చేసుకున్నాడు.

*

అతను ఇల్లు చేరేసరికి భార్య బిందెలన్నీ నింపేసి ఉంది. అతన్ని గుమ్మంలోనే ఆపింది.

“తూనికల శాఖలో ఇవాళ ఏం తూచారండీ?” అంది ముక్కు మూసుకుని.

“మురుగు,” అన్నాడు. పెళ్ళయ్యాక ఆఫీసు గురించి చెప్పిన మొదటి నిజం. ఆమె నమ్మలేదు. పెరట్లోనే రెండు బిందెలు కుమ్మరించింది. ఇంట్లో ఉన్న ఒక్క సబ్బూ అరిగిపోయింది. లోపల పసిది నీళ్ళు పోయించుకుని హాయిగా నిద్రపోతోంది.

మర్నాడు పొద్దున దీపం ముందు కూర్చోవడానికి మొదట జంకాడు. ఆ తర్వాత కూర్చున్నాడు. ఎవరూ లేచి పొమ్మనలేదు.

ఆఫీసులో పెద్దాయన అతనికి ఎదురుపడి, షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి, వాసన తగిలి, నమస్కారంతో సరిపెట్టాడు. శుభ్రం నేరుగా పిన్ని ల్యాబ్‌కి వెళ్ళాడు. తడి తుడిచిన సబ్బు పెట్టె బల్ల మీద పెట్టాడు.

“పిన్నిగారూ, ఒక సందేహం. పైవాడు మన తప్పుల్ని లెక్కపెడతాడు కదా. ఆయన దగ్గర ఏ టైపు ఉంటుందంటారు?”

పిన్ని నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“నేటివ్ వాడేది తొందరపడేవాళ్ళు నాయనా. ఆయనకి తొందరేముంది? రెండోదే అయ్యుంటుంది. నిదానంగా నడుస్తుంది, ఎంతైనా పడుతుంది. ఏదీ సున్నా అయిపోదు. అలాగని బాకీవాణ్ణి కోటీశ్వరుడిగానూ చూపించదు.”

అతను తల ఊపాడు. ఎన్నేళ్ళుగానో పక్కన కూర్చుంటున్నది లేచి వెళ్ళిందో, ఇంకా దగ్గరికి జరిగిందో చెప్పలేకపోయాడు. జేబులోంచి కాగితం కూడా విప్పని కొత్త గంధపు సబ్బు తీసి ఆమె ముందు పెట్టాడు.

పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పెట్టెలోని యంత్రం తీసేసి సబ్బు అందులో పెట్టింది. సరిగ్గా పట్టింది.

“నీ బాకీ సున్నా,” అంది. “వడ్డీ అంటూ ఇంకోటి తెచ్చేవు, జాగ్రత్త. సున్నా దగ్గర కదలకుండా ఉండటమే మేలని నిన్న చూశాం కదా.”

ఆ మాట అని, అతను నొచ్చుకోకుండా తాపీగా లేచి, గదిలోని రెండు కిటికీలూ బార్లా తెరిచింది.